శ్రీశైలం దారిలో ఇల్లు

మార్కాపురంలో ఇల్లు కట్టదలచినవాళ్లు మేస్త్రీతో కూర్చున్నప్పుడు గదుల లెక్క రెండుసార్లు వేస్తారు. మొదటిది ఇంట్లో ఉండేవాళ్లకు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పెద్దామె ఒకరు. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, చిన్న పూజగది. ఇక్కడితో కాగితం మడిచి జేబులో పెట్టుకోవచ్చు. అంతలో ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు: 'మరి శివరాత్రికి?' దాంతో రెండో లెక్క మొదలవుతుంది. ఇంకో గది పుట్టుకొస్తుంది. దానికి అటాచ్డ్ బాత్రూం వస్తుంది. మిద్దె మీద 'ముందు ముందు వేసుకుందాం' అని పిల్లర్ల ఊచలు పైకి వదులుతారు. రెండు గదుల ఇల్లు మూడున్నర గదులై, అప్పు ఆ మేరకు పెరుగుతుంది.

ఈ బెడద అన్ని ఊళ్లకూ ఉండదు. పొదిలిలోనో దర్శిలోనో ఇల్లు కట్టుకునేవాడు తన చుట్టాలను మాత్రమే లెక్కపెట్టుకుంటాడు. మార్కాపురంవాడు చుట్టాలతో పాటు చుట్టాల మొక్కులను కూడా లెక్కపెట్టుకోవాలి. గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో శ్రీశైలం వెళ్లేవాళ్లు దిగే స్టేషన్ మార్కాపురం రోడ్డు. అక్కడి నుంచి కొండకు ఎనభై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. దోర్నాల వరకు మామూలు రోడ్డు. ఆ తరువాత యాభై కిలోమీటర్ల నల్లమల. పగలు బయల్దేరితే పూటలో పోయి రావచ్చు. కానీ ఆ అడవి పెద్దపులులది. నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. అందుకే రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల దగ్గర అటవీ శాఖ గేటు పడుతుంది, మళ్లీ తెల్లవారాకే లేస్తుంది. శివరాత్రి రోజుల్లో సడలింపు ఉంటుంది గానీ మిగతా రోజుల్లో పులిదే రాత్రి. రైలు గంట ఆలస్యమైందంటే యాత్రికుడు ఈ పక్కనే తెల్లవార్చాలి. ఎవరింట్లో? చుట్టాలింట్లో.

ఇంకో గేట్ల సంగతి కూడా ఉంది. శ్రీశైలం జలాశయానికి పన్నెండు గేట్లు. ఎగువన కృష్ణమ్మ నిండుగా వచ్చిన ఏడాది జులై, ఆగస్టు నెలల్లో వాటిని ఎత్తుతారు. ఎత్తారన్న వార్త టీవీలో కనబడిన అరగంటకు మార్కాపురం, దోర్నాల, ఎర్రగొండపాలెం ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. 'వదినా, ఆదివారం గేట్లు చూడ్డానికి వద్దామనుకుంటున్నాం, శనివారం రాత్రికి మీ ఇంటికొస్తాం.' వదిన 'రాండి, రాండి' అంటుంది. మరో మాట అనే వీలు ఆమెకు లేదు. డ్యాము గేట్లు ఎత్తితే చుట్టాలు బయల్దేరతారు. అడవి గేటు పడితే మన ఇంట్లో ఆగుతారు. ఈ రెండు గేట్ల మధ్య నివసించేవాడి ఇంటికి ఎన్ని గదులుండాలన్నది నవ్వుకోవలసిన ప్రశ్నే గానీ, అప్పు తీర్చేవాడికి నవ్వు రాదు.

గిద్దలూరు వాళ్ల బాధ కాస్త వేరు. వాళ్లకు యాత్రాస్థలం ఒకటి కాదు. శనివారం వస్తే రాచర్ల మండలంలోని నెమలిగుండ్ల రంగనాయకస్వామి. ఘాట్ రోడ్డు దిగి అవతలికి పోతే నంద్యాల, అక్కణ్నించి మహానంది, ఇంకా పోతే అహోబిలం. మూడూ ఒకే ఊపులో చూసేద్దామనుకునేవాళ్లకు గిద్దలూరు మంచి మజిలీ. కంభం వాళ్లకు చెరువు ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ కట్ట మీద నిలబడి ఫోటో దిగందే ఏ చుట్టమూ వెనుదిరగడు. చంద్రశేఖరపురం వైపు భైరవకోన గుహాలయాలకు కార్తీక మాసంలో జనం. ఇవన్నీ ఒక పూట చూపులు. భోజనంతో సరిపెట్టవచ్చు. శ్రీశైలం అలా కాదు. అక్కడికి వెళ్లేవాడికి ముందు ఒక రాత్రి, చాలాసార్లు తరువాత ఒక రాత్రి, పడక కావాలి.

ఇదేమీ కొత్తగా వచ్చిన చిక్కు కాదు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు చెబుతారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు ద్వారం మన దగ్గరే ఉంది. త్రిపురాంతకేశ్వరుణ్ని దర్శించుకుని అడవిలోకి కాలుపెట్టిన యాత్రికులు కాకతీయుల నాటికే వేలల్లో ఉండి ఉంటారు. వాళ్లంతా ఎక్కడో ఒకచోట పడుకునే ఉంటారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు నుంచి అడవిదారిన శ్రీశైలం ఎక్కాడు. ఆయన తన యాత్రలో ఊరూరా రాసుకున్నది దేవుళ్ల గురించి ఎంతో, దిగే వసతి గురించీ అంతే. బజారుందా, నీళ్లున్నాయా, బసకు చోటుందా అన్నవి ఆయన విడవకుండా చూసిన సంగతులు. నేటి చుట్టం కూడా ఫోనులో ఆ మూడే అడుగుతాడు, వైఫై ఒకటి అదనం.

ఆ రోజుల్లో మన ఇళ్లు ఎట్లా ఉండేవో తలచుకుంటే నేటి తికమక కొంత తేటపడుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవి. ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అందుకే ఇళ్ల తీరులో కోస్తా పెంకుటిల్లు కన్నా సీమ మిద్దె ఎక్కువ కనిపిస్తుంది. రాతిగోడలు, మీద దూలాలు, దంతెలు, ఆపైన చౌడు మట్టి. ఇంటి కొలత గదులతో కాదు, అంకణాలతో. మూడంకణాల మిద్దె, అయిదంకణాల మిద్దె అని చెప్పుకునేవారు. దూలానికీ దూలానికీ మధ్య జాగా అంకణం. దాని కొలత ఊరికో రకం. నెల్లూరులో డెబ్బై రెండు చదరపు అడుగులైతే, తిరుపతిలో ముప్పై ఆరు. కలిగినవాళ్లది మిద్దె, లేనివాళ్లది నల్లమల బోదగడ్డితో కప్పిన కొట్టం. రెండింటిలోనూ 'ఇది ఫలానావాళ్ల గది' అన్న మాట లేదు. ధాన్యం గాదె ఉన్న అంకణం, పొయ్యి ఉన్న అంకణం, మిగిలింది మనుషులది. చుట్టాలొస్తే మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లు లోపల, పిల్లలు ఎక్కడ నిద్ర వస్తే అక్కడ. ఎండాకాలమైతే అందరూ మిద్దె మీద. పదిమంది వచ్చినా ఇరవైమంది వచ్చినా కావలసింది చాపలూ బొంతలే.

అరుగు గురించి ఇంకొంచెం చెప్పాలి. మార్కాపురం పలకల ఊరు. బడి పిల్లల నల్ల పలకలకు ఆ రాయి ఒకప్పుడు ఎంత పేరు తెచ్చిందో ఇంట్లో నేలకూ అరుగుకూ అంత పనికొచ్చింది. పగలంతా ఎండకు కాలిన పలకరాయి అరుగు మీద పొద్దు గూకే వేళ చెంబుడు నీళ్లు చల్లితే ముందు ఒక ఆవిరి లేస్తుంది, తడి రాతి వాసన వస్తుంది. మరోసారి చల్లితే చల్లబడుతుంది. ఒక గంట ఆగి చాప పరిస్తే దిండు కూడా అక్కర్లేదు. అటు దారినపోయేవాడిని పలకరించవచ్చు, ఇటు ఇంట్లోవాళ్ల మాటలు వినవచ్చు. ఇంటివాడికీ బయటివాడికీ మధ్య జాగా అది. శ్రీశైలం నడిచిపోయే ఎవరో తెలియని శివభక్తుడు కూడా అడిగి పడుకోగల చోటు. మునిసిపాలిటీలు రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందు పోయింది అరుగే. అరుగు పోయాక చుట్టం ఇంట్లోకి వచ్చాడు. ఇంట్లోకి వచ్చినవాడికి గది కావలసి వచ్చింది.

ఇప్పుడు ఆ గది లెక్క వేసి చూద్దాం. పదికి పన్నెండడుగుల గది, అయిదుకి ఎనిమిది అడుగుల బాత్రూం, వెరసి నూట అరవై చదరపు అడుగులు. అడుగుకు రెండు వేలు ఖర్చు వేసుకుంటే మూడు లక్షల ఇరవై వేలు. తొమ్మిది శాతం వడ్డీకి ఏడాదికి ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, డ్యాము గేట్లు, దసరా సెలవులు కలిపి ఏడాదికి ఇరవై రాత్రులు ఎవరో ఒకరు ఆ గదిలో పడుకున్నారనుకుందాం. రాత్రికి పద్నాలుగు వందల నలభై రూపాయలు పడింది. మిగిలిన మూడు వందల నలభై అయిదు రాత్రులు అందులో ఇస్త్రీ బట్టలు, పాత కూలరు, వాడని కుట్టుమిషను నిద్రపోతాయి. పద్నాలుగు వందలకు మంచి లాడ్జిలోనే గది దొరుకుతుంది. కాబట్టి అతిథి గది కట్టడం మానేసి, వచ్చినవాళ్లకు లాడ్జిలో గది తీసిపెడితే సరి అని ఏ కాలిక్యులేటరైనా చెబుతుంది.

కాలిక్యులేటరుకు బావ లేడు. అక్క మొగుడిని లాడ్జిలో దింపి, 'బావా, పొద్దున్నే వచ్చి కాఫీ తాగిపోండి' అని చెప్పి చూడండి. ఆ మాట పదేళ్లు తిరుగుతుంది. పెళ్లిళ్లలో, కర్మంతరాల్లో, పిల్లల ఓణీల వేడుకల్లో ఏదో ఒక మూల నుంచి వినబడుతుంది. అందుకే ఈ గది ఇంటి ఖర్చు కాదు, మాట పడకుండా ఉండడానికి కట్టే ఖర్చు. అది అనవసరమని అనలేం. అయితే ఆ ఖర్చు గది రూపంలోనే పెట్టాలా అన్నది వేరే సంగతి.

వాస్తు పెద్దలు ఈ విషయంలో లోకజ్ఞానం చూపించారు. అతిథుల గది వాయవ్యంలో ఉండాలన్నారు. అది వాయుదేవుడి మూల. అక్కడ ఉన్నవాళ్లు ఎక్కువ రోజులు నిలవరట. నైరుతిలో పడుకోబెడితే స్థిరపడిపోతారని భయం. శాస్త్రం మాట ఎలా ఉన్నా, వచ్చినవాళ్లు వెళ్లాలన్న కోరికను ఇంత మర్యాదగా ప్లానులో గీసిపెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు.

పశ్చిమ ప్రకాశంలో చుట్టాలు వస్తారంటే ఇల్లాలి గుండె దడదడలాడేది మాత్రం పడకల గురించి కాదు, నీళ్ల గురించి. కొత్త ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది దీన్ని చివర ఆలోచిస్తారు. ఈ నేలలో బోరు వందల అడుగుల లోతుకు పోతుంది. అయినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పడితే చాలాచోట్ల ఫ్లోరైడు. మార్కాపురానికి త్రిపురాంతకం మండలం దూపాడు నుంచి సాగర్ నీళ్లు రావాలి. ఎండలు ముదిరితే కుళాయి ఏ రోజు వస్తుందో, ఎంతసేపు వస్తుందో వీధివాళ్లకే తెలియాలి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొండను తొలిచి కృష్ణ నీళ్లు తెచ్చే ఆ సొరంగాల కథ వింటూ ఒక తరం పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, ఆ పిల్లలకూ పెళ్లిళ్లు చేస్తోంది. ఈలోగా ట్యాంకరే దిక్కు.

పట్టణాల్లో మనిషికి రోజుకు నూట ముప్పై అయిదు లీటర్లు కావాలని ప్రభుత్వ లెక్క. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ యాభై అయిదు ఇస్తే చాలంటుంది. శ్రీశైలం వెళ్లే చుట్టం పల్లె లెక్కలో స్నానం చేయడు. రాత్రి రైలు దిగి ఒకసారి, తెల్లవారుజామున దైవదర్శనానికి బయల్దేరే ముందు తలంటుతో మరోసారి. ఆరుగురు వస్తే ఒక రోజుకు ఎనిమిది వందల లీటర్లు తేలిగ్గా పోతాయి. తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆగితే తడిబట్టల మూట కూడా ఉతుక్కుంటారు. పైన ఉన్న అయిదు వందల లీటర్ల ట్యాంకు సగం స్నానాలకే అడుగంటుతుంది. షాంపూ పెట్టుకున్నాక కుళాయి ఆగితే లోపలినుంచి వచ్చే కేక, దానికి ఇల్లాలు బిందెతో పరిగెత్తడం, ఈ ప్రాంతంలో తెలియని ఇల్లు లేదు.

కాబట్టి మొదట కట్టవలసింది సంపు. ఆరడుగుల పొడవు, అయిదు వెడల్పు, అయిదు లోతున్న సంపులో నాలుగు వేల రెండు వందల లీటర్లు పడతాయి. అంటే రమారమి ఒక ట్యాంకరు. దాన్ని ఎనిమిది, ఆరు, ఆరు చేస్తే ఎనిమిది వేల లీటర్లు దాటుతుంది. పెంచింది కొద్ది అడుగులే, నిలవ రెట్టింపు. ఖర్చు గదికి అయ్యేదాంట్లో ఏ మూలకూ రాదు. పైగా ఆ సంపు చుట్టాలు రాని రోజుల్లోనూ పనిచేస్తుంది. ఏప్రిల్ నెలలో మూత ఎత్తి, కర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో చూసుకునే ఇల్లాలికి ఆ అదనపు జానెడు తడి ఇచ్చే నిశ్చింత అతిథి గది ఇవ్వదు. రెండోది, ఇంటి వెనకో పక్కనో బయటి నుంచి పోగలిగిన బాత్రూం ఒకటి. అటాచ్డ్ బాత్రూం ఒక్క గదికి పనికొస్తుంది, బయటిది హాల్లో పడుకున్న ఎనిమిది మందికి పనికొస్తుంది. మూడోది, మిద్దె మీదికి ఇంట్లోనుంచి కాకుండా బయట నుంచి మెట్లు. మిద్దె మీద ఒక రేకుల షెడ్డు, ఒక లైటు, ఒక ఫ్యాను పాయింటు. అర్ధరాత్రి వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్లను లేపకుండా ఎక్కి పడుకోవచ్చు, పొద్దున నాలుగింటికి చప్పుడు లేకుండా దిగిపోవచ్చు.

ఇల్లు ఎంతుండాలన్న మాట వచ్చినప్పుడు మగవాళ్లు మేస్త్రీతో మాట్లాడతారు. గదులు పెరిగితే ఊడ్చి తుడిచేదెవరో ఆ సంభాషణలో ఉండరు. ఉన్నా కాఫీ ఇచ్చి లోపలికి పోతారు. చుట్టాలొచ్చే ముందు దుప్పట్లు ఎండలో వేయడం, దిండు గలీబులు మార్చడం, రాత్రి పదింటికి వచ్చినవాళ్లకు వేడిగా అన్నం, తెల్లవారుజామున మూడున్నరకు లేచి దారిలోకి పులిహోర, పెరుగన్నం మూటలు. వాళ్లు వెళ్లాక ఇల్లంతా మళ్లీ ఊడ్చి, ఉతికి, ఆరేసి, మడిచి బీరువాలో పెట్టడం. ఇదంతా ఆమె చేసేది. చేసేదాని గురించి ఫిర్యాదు కూడా ఉండదు, దేవుడి దారిలో వచ్చినవాళ్లు కదా అంటుంది. కానీ ఎన్ని గదులన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ముందు ఆమె. 'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్నది పాత సామెత. ఇల్లు కట్టకముందే ఇల్లాలిని అడిగితే చూడ్డానికి వచ్చేవాళ్లకు కూడా బాగుంటుంది.

ఈ మాటలన్నీ అయిదారు సెంట్ల జాగా ఉన్నవాళ్లకు. ఒక సెంటులో ఇల్లు వచ్చినవాళ్ల సంగతి ఏమిటి? 2020 డిసెంబరులో మొదలైన పట్టాల పంపిణీలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే నలభై ఎనిమిది గజాలకు కాస్త ఎక్కువ. అందులో కట్టే ఇల్లు మూడు వందల నలభై చదరపు అడుగులు. నెల్లూరు లెక్కన అయిదంకణాలు కూడా నిండవు. ఆ ఇంట్లో ఉండేవాళ్లకూ అత్తామామలుంటారు, ఆడబిడ్డలుంటారు, వాళ్లకూ శ్రీశైలం మొక్కులుంటాయి. కొట్టంలో ఉన్నప్పుడు చుట్టూ దొడ్డి ఉండేది, వేపచెట్టు కింద మంచం వేసేవాళ్లు. కాలనీ ఇంటికి నాలుగు వైపులా గోడ, గోడ అవతల ఇంకో గోడ. వీళ్లకు పెద్ద ఇల్లు ఇవ్వలేమని ప్రభుత్వాలు చెప్పవచ్చు. కాలనీకి ఒక వసారా, నాలుగు బాత్రూములు, ఒక నీళ్ల తొట్టి ఉన్న చావడి కట్టలేమని చెప్పడానికి మాత్రం కారణం దొరకదు. పండగ పూట ఎవరింటికి చుట్టాలొస్తే వాళ్లు వాడుకుంటారు. ఊరిచావడి అన్నది మనకు పరాయి వస్తువు కాదు.

రెండో చివర ఇంకో రకం ఇళ్లున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడినవాళ్లవి, సైన్యంలో చేసి గిద్దలూరు వైపు వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లవి. పిల్లలు, మనవలు శ్రీశైలానికి వస్తే సుఖంగా ఉండాలని పైన రెండు గదులు, ఏసీలు. కింద ఉండేది ఇద్దరే. ఆమెకు మోకాళ్ల నొప్పి, పైకి ఎక్కలేదు. ఆయన నెలకోసారి ఎక్కి కిటికీలు తెరిచి మూసి వస్తాడు. పిల్లలు మాత్రం కారులో తెల్లవారుజామున బయల్దేరి, మన్ననూరు వైపు నుంచే శ్రీశైలం చేరి, ఆన్‌లైనులో తీసుకున్న గదిలో దిగి, అమ్మానాన్నలను అక్కడికే రమ్మని ఫోను చేస్తారు. పిల్లలకు ప్రేమ లేక కాదు. హైదరాబాదు నుంచి దారి అటే దగ్గర. ఇల్లు కట్టేటప్పుడు చుట్టాలు వచ్చే దారిని కూడా చూసుకోవాలన్నది ఈ ఇళ్లు చెప్పే సంగతి.

ఖాళీ గదులుంటే అద్దెకివ్వవచ్చు కదా, హోంస్టే పెట్టుకోవచ్చు కదా అని ఈమధ్య వినబడుతోంది. దోర్నాలలో, మార్కాపురంలో నాలుగైదు గదులు యాత్రికులకు ఇచ్చుకుని నాలుగు రూపాయలు సంపాదించుకునేవాళ్లను ఎవరూ కాదనరు. వానలు లేని నేలలో అది మంచి ఆసరా. కాకపోతే లోకంలో జరుగుతున్నది కూడా ఒక కంట చూడాలి. స్పెయిన్‌లో బార్సిలోనా నగరం 2028 నవంబరు కల్లా యాత్రికులకిచ్చే అపార్ట్‌మెంట్ల లైసెన్సులన్నీ తీసేస్తామని 2024లో ప్రకటించింది. ఊళ్లోవాళ్లకు అద్దె ఇళ్లు దొరక్కపోవడమే కారణం. మన దగ్గర ఆ పరిస్థితి లేదు, ఇప్పట్లో రాదు. అయినా ఊళ్లో టీచరుకూ నర్సుకూ అద్దె ఇల్లు దొరకనంతగా ఇళ్లన్నీ యాత్రికులకు పోయిన రోజున ఆ ఊరు యాత్రికులకు కూడా పనికిరాదు. తిరుపతిలో గుడి చుట్టుపక్కల అద్దెకున్నవాళ్లను అడిగితే ఈ మాట వివరంగా చెబుతారు.

మన పెద్దలు ఈ భారాన్ని ఇంటింటి మీదా వేయలేదు. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. తరువాతివాళ్లు సత్రాలు కట్టించారు. నేటికీ శ్రీశైలంలో దేవస్థానం సదనాలతో పాటు కులానికొక సత్రం ఉంది. కరివేన సత్రంలో నిత్యాన్నదానం ఎన్నేళ్లుగానో నడుస్తోంది. కులాల పేరుమీద ఉన్నందుకు మనసు నొచ్చుకున్నా, పదిమంది కలిసి కట్టుకుంటే ఒక్కడి మీద భారం పడదన్న తెలివి అందులో ఉంది. శివరాత్రికి దోర్నాల దారిలో చూడండి. ఊళ్లవాళ్లు షామియానాలు వేసి, గాడిపొయ్యి తవ్వి, వేలమందికి అన్నం పెడతారు. పెట్టేవాళ్లలో సొంత ఇంట్లో చుట్టానికి గది లేనివాళ్లు ఎందరో. అన్నం ఊరు కలిసి పెట్టగలిగినప్పుడు పడక కూడా ఊరు కలిసి వేయవచ్చు. మార్కాపురం రోడ్డు స్టేషన్ దగ్గర రాత్రి రైలు దిగినవాళ్లకు తెల్లవారేదాకా నడుం వాల్చే సత్రం ఒకటి, శుభ్రమైన స్నానపు గదులతో, దేవస్థానమో మునిసిపాలిటీయో ఊరి పెద్దలో కడితే ఎన్ని కొత్త ఇళ్లలో ఎన్ని గదుల అప్పు తగ్గుతుందో లెక్క వేసుకోవచ్చు.

అడవిలోపల చెంచులున్నారు. మల్లన్న తమ ఆడపిల్లను పెళ్లాడిన అల్లుడని వాళ్ల మాట. పెదదోర్నాల, ఎర్రగొండపాలెం మండలాల గూడేల్లో పాతకాలపు చుట్టిల్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తుంది. వెదురు తడికె గోడ గుండ్రంగా, పైన గడ్డి. లోపల ఒక పొయ్యి, కొన్ని కుండలు. దేవుడంతటి అల్లుడున్న ఇల్లు, అందులో అల్లుడి కోసం గది లేదు. వచ్చినవాళ్లకు ముంగిట్లో చెట్టు కింద నేల ఊడ్చి ఇస్తారు. వాళ్ల లేమిని మెచ్చుకుని మనం మేడలు కట్టుకోవడం న్యాయం కాదు. వాళ్లకు గట్టి ఇళ్లు, నీళ్లు, కరెంటు రావాలి. వచ్చే ఇళ్లకు ఆ ముంగిలి మాత్రం మిగలనివ్వాలి. నమూనా ఇల్లు గీసే ఇంజినీర్లు ఒక్కసారి అక్కడ కూర్చుని చూస్తే మంచిది.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు మేం చెప్పగలిగింది ఇది. ఏడాదంతా ఉండేవాళ్లకు సరిపడా గదులు కట్టండి. వచ్చిపోయేవాళ్ల కోసం గదికి బదులు వెడల్పాటి వరండా, పెద్ద సంపు, బయటి బాత్రూం కట్టండి. మిగిలిన డబ్బుతో పది మంచి బొంతలు కుట్టించుకోండి. ఇక శ్రీశైలం బయల్దేరే చుట్టాలకు ఒక మాట. మీరు వస్తే సంతోషమే, తప్పకుండా రండి. కాస్త రెండు రోజుల ముందు ఫోను చేయండి. ట్యాంకరు చెప్పుకోవాలి.